కర్నూలు ఎండల్లో కైటోసాన్ ఫిల్మ్ పగలకుండా తీయాలంటే

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి బుగ్గ లోపల అంటించే ప్రోటీన్ ఫిల్మ్ తీసుకున్నారా? ప్రోటీన్ మందు మింగితే కడుపులో ఆమ్లం, పెప్సిన్ కలిసి దాన్ని ముక్కలు చేసేస్తాయి, అందుకే ఈ దారి. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ది ధనావేశం, నోటి పొర మీది మ్యూసిన్ అనే జిగురు పదార్థానిది ఋణావేశం, కాబట్టి బాగానే అతుక్కుంటుంది. మొదట్లోనే ఇన్సులిన్ జోలికి పోకుండా, చెయ్యి తిరిగేదాకా బీఎస్ఏతోనే (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) చేయండి.

ముందు లెక్క చూసుకోండి. 9 సెం.మీ. పెట్రి డిష్ వైశాల్యం 63.6 చదరపు సెం.మీ., 2×2 ముక్కకి 2 మి.గ్రా. కావాలంటే డిష్ మొత్తానికి దాదాపు 32 మి.గ్రా. ప్రోటీన్ వేయాలి. లోపలి వ్యాసం మీరే స్కేలుతో కొలవండి.

1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 2 శాతం కైటోసాన్ వేసి రాత్రంతా స్టిర్రర్ మీద వదిలేయండి. పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టి, కైటోసాన్ బరువులో 20–30 శాతం గ్లిజరిన్ కలపండి. ప్రోటీన్ చివర్న, మెల్లగా. గట్టిగా చిలికితే నురగొస్తుంది, నురగలో ప్రోటీన్ పాడవుతుంది.

అసలు తంటా ఆరబెట్టడంలోనే. మే నెల పొడిగాలికి ఫ్యాన్ కింద పెట్టారంటే పైన పాల మీగడలా పొర కట్టేసి, కింద తడి అలాగే ఉండిపోయి, అంచులు లేచి ఫిల్మ్ పెళుసుగా పగులుతుంది. డిష్ మీద గాజు గరాటు బోర్లించండి, ఆవిరి నిదానంగా పోతుంది. ఓవెన్ 40 డిగ్రీలు దాటనివ్వొద్దు. తొందరపడి 60 పెడితే ఫిల్మ్ చూడ్డానికి బాగుంటుందేమో గానీ లోపలి ప్రోటీన్ మీద నమ్మకం ఉండదు. రికార్డులో 'గది ఉష్ణోగ్రత' అని రాయకండి, ఏసీ లేని గది మేలో ఎంతుంటుందో ఎగ్జామినర్‌కీ తెలుసు, థర్మామీటర్ చూసి అంకె వేయండి.

ఆరిన ఫిల్మ్‌ని ఒకేచోట 300 సార్లు మడిచినా తెగకపోతే చాలు.

ఫ్రాంజ్ సెల్‌కి (పొర దాటి మందు ఎంత కిందికి దిగిందో కొలిచే గాజు పరికరం) మేక బుగ్గ పొర కావాలి కదా, మటన్ కొట్టు అన్నకి ముందురోజే చెప్పండి, తలకాయ కాల్చకముందే తీసివ్వమని. కాల్చిన తలకాయ కూరకే పనికొస్తుంది. చల్లటి బఫర్‌లో తెచ్చి, కొవ్వు తీసేసి, వెంటనే వాడండి. బీఎస్ఏ 66 కిలోడాల్టన్లు, దాటేది కొంచెమే, టెన్షన్ పడొద్దు. ప్రోటీన్ లేని ఫిల్మ్ కూడా పక్క సెల్‌లో తప్పకుండా నడపండి: పొరలోంచి మేక ప్రోటీనూ కిందికి కారుతుంది, ప్రోటీన్ కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష రంగు ఏది ఎవరిదో చెప్పదు.