బెంగళూరులో జాబ్ మార్పు: కాల్స్ రావడం లేదా, ఆఫర్ వచ్చాక ఆగిందా?

రెజ్యూమే రాయడం, నౌక్రీలో ప్రొఫైల్ పెట్టడం, రెఫరల్ అడగడం మీకు వచ్చనే అనుకుంటున్నాం. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: పని ఎక్కడ ఆగింది? కాల్స్ రాకపోవడం వేరు, వచ్చిన కాల్ తెగిపోవడం వేరు, ఆఫర్ చేతికొచ్చాక ఆగిపోవడం పూర్తిగా వేరు. మూడింటికీ ఇంకో కోర్సులో చేరడమే మందు అనుకుని డబ్బు పోగొట్టుకోకండి.

అసలు కాల్సే రావు

రిక్రూటర్లు ఊరు, అనుభవం, నోటీస్ పీరియడ్, ఈమధ్య లాగిన్ అయ్యారా లేదా అన్న ఫిల్టర్లు పెట్టి వెతుకుతారు. మీరు మారతహళ్లిలో ఉంటూ ప్రొఫైల్లో ఇంకా హైదరాబాద్ అనే ఉంచితే, వైట్‌ఫీల్డ్ రిక్రూటర్‌కి మీరు కనబడరు. ఊరు మార్చండి, కోరుకునే ఊళ్లలో బెంగళూరు చేర్చండి, వారానికోసారైనా లాగిన్ అయి ఒక లైను సవరించండి.

తర్వాత రెజ్యూమే పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. కంపెనీ పేరు ఒకచోట, దాని తేదీలు ఇంకోచోట పడ్డాయంటే కంపెనీల సాఫ్ట్‌వేర్‌కీ అలాగే కనబడే అవకాశం ఉంది. రెండు కాలమ్‌ల డిజైన్ తీసేసి, ఒకే కాలమ్‌లో రాయండి.

"నోటీస్ ఎంత?" అన్నాక మళ్లీ కాల్ రాదు

తొంభై రోజుల నోటీస్ ఉన్నవాళ్లకు ఇది మామూలే. మీ ఆఫర్ లెటర్లో నోటీస్ క్లాజ్ చదవండి: బైఔట్ (మిగిలిన నోటీస్ రోజులకు డబ్బు కట్టి ముందే బయటపడటం) ఉందా, లెక్క బేసిక్ మీదా గ్రాస్ మీదా, కంపెనీ ఒప్పుకుంటేనే కుదురుతుందా? అది చూసుకుని "తొంభై, బైఔట్‌తో అరవైకి తగ్గుతుంది" అని చెబితే సంభాషణ ముందుకెళ్తుంది. కుదరని తేదీ మాత్రం ఒప్పుకోకండి.

ఆఫర్ వచ్చింది, వెరిఫికేషన్‌లో ఆగింది

ఇంటర్వ్యూలన్నీ దాటారు, జీతం కుదిరింది, రాజీనామా కూడా ఇచ్చేశారు. అప్పుడు హెచ్‌ఆర్ నుంచి మెయిల్: "మీ ఎంప్లాయ్‌మెంట్ తేదీల్లో తేడా ఉంది". చాలామంది పాత మేనేజర్ ఏదో చెప్పి ఉంటాడని అనుమానిస్తారు. ముందు చూడాల్సింది మీ పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, మీ తేదీల్ని తరచూ పోల్చి చూసేది దానితోనే. ఐదు నిమిషాల పని, అయినా రాజీనామాకి ముందు దాన్ని తెరిచేవాళ్లు చాలా తక్కువ. దయచేసి తెరవండి.

ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) మెంబర్ పోర్టల్లో యూఏఎన్‌తో (ఉద్యోగాలన్నిటికీ ఒకటే ఉండే మీ పీఎఫ్ నంబరు) లాగిన్ అయి, 'వ్యూ' మెనూలో 'సర్వీస్ హిస్టరీ' నొక్కండి. ప్రతి కంపెనీ పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ వరసగా వస్తాయి. దాన్ని రెజ్యూమే పక్కన, రిలీవింగ్ లెటర్ల పక్కన పెట్టి చూడండి.

*వదిలిన తేదీ ఖాళీగా ఉంది.* పాత కంపెనీ డబ్బు కట్టడం ఆపింది కానీ ఎగ్జిట్ తేదీ ఎక్కించలేదు. చూసేవాళ్లకు మీరు ఒకేసారి రెండుచోట్ల పనిచేస్తున్నట్టే. ముందు పాత హెచ్‌ఆర్‌ని అడగండి. పలకకపోతే 'మేనేజ్' మెనూలో 'మార్క్ ఎగ్జిట్' ఉంది. ఆధార్‌కి లింకైన మొబైల్‌కి ఓటీపీ వస్తుంది. ఉద్యోగం వదిలి రెండు నెలలు దాటాకే ఇది పనిచేస్తుంది. మీరు వేసే తేదీ చివరిసారి పీఎఫ్ పడిన జీతపు నెలలో ఉండాలి. మార్చి జీతం తాలూకు పీఎఫ్‌ని కంపెనీ ఏప్రిల్ 15లోపు కడుతుంది కాబట్టి పాస్‌బుక్‌లో ఏప్రిల్ చూసి ఏప్రిల్ తేదీ వేసేస్తారు. అలా వేయకండి, తప్పుపడితే మళ్లీ దిద్దించుకోవడం పెద్ద పని.

*తేదీ ఉంది కానీ తప్పు.* మీ చివరి రోజు మార్చి 14, కొత్తచోట చేరింది మార్చి 17. పాత కంపెనీ నెలాఖరు తేదీ వేసేసింది: మార్చి 31. పదిహేను రోజులు రెండు ఉద్యోగాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మార్క్ ఎగ్జిట్‌తో ఇది మారదు, జాయింట్ డిక్లరేషన్ (పీఎఫ్ రికార్డు సవరణకు పెట్టే దరఖాస్తు) పెట్టాలి. అది పూర్తయ్యేదాకా ఊరికే కూర్చోవద్దు. కొత్త హెచ్‌ఆర్ అడగకముందే మీరే మెయిల్ పెట్టండి: చివరి రోజు ఇది, పీఎఫ్‌లో పడింది ఇది, రిలీవింగ్ లెటర్, ఆ నెల పేస్లిప్ జతచేశాను, సవరణకు అడిగాను. వాళ్లు పట్టుకున్నాక చెప్పే సంజాయిషీ కంటే ముందే చెప్పిన మాటకు విలువెక్కువ.

*కంపెనీ పేరే వేరు.* మాన్యతా టెక్ పార్కులో క్లయింట్ ఆఫీసులో మూడేళ్లు పనిచేశారు, జీతం ఇచ్చింది మాత్రం కన్సల్టెన్సీ. రెజ్యూమేలో క్లయింట్ పేరు రాస్తే పీఎఫ్‌తో కలవదు. కన్సల్టెన్సీ పేరు రాసి, దాని కింద క్లయింట్ పేరు పెట్టండి. పది రోజులు చేసి మానేసిన ఉద్యోగానికి పీఎఫ్ పడి ఉంటే దాన్నీ వెరిఫికేషన్ ఫారంలో చెప్పేయండి.

*మీ పేరు కలవదు.* మనవాళ్లకు ఇది ఎక్కువ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర, పీఎఫ్‌లో ఇనీషియల్ మాత్రమే. ఆధార్, పాన్, పీఎఫ్ మూడూ ఒకేలా చేయించుకోండి. సర్టిఫికెట్లలో ఉన్న రూపాన్ని ఫారంలో వేరే పేర్ల గడిలో రాయండి.

పాత కంపెనీ మూతపడిందా, జవాబివ్వడం లేదా? ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో (పీఎఫ్ ఫిర్యాదుల వెబ్‌సైట్) ఫిర్యాదు పెట్టండి. అది ఆ పాత మెంబర్ ఐడీ (ఆ కంపెనీలో మీ పీఎఫ్ ఖాతా నంబరు) ఏ పీఎఫ్ ఆఫీసుదో అక్కడికే వెళ్తుంది. ఐడీ ఏపీహెచ్‌వైడీ అని మొదలైతే అది హైదరాబాద్‌ది, బెంగళూరు ఆఫీసుకు సెలవుపెట్టి వెళ్లినా పని జరగదు.

కొనుక్కున్న ఫేక్ ఎక్స్‌పీరియన్స్‌కి పైవేవీ పనిచేయవు. రెజ్యూమేలోంచి తీసేసి నిజమైన ఏళ్లతో వెతకండి.

పాత కంపెనీ బ్లాక్‌లిస్ట్‌లో ఉండటం, యూనివర్సిటీ రికార్డు దొరకకపోవడం వంటివి అరుదు, వస్తే చూసుకోవచ్చు. అడ్రస్ చెకింగ్‌కి పీజీ ఓనర్‌తో ముందే ఒక మాట చెప్పి ఉంచండి.