మైక్రోవేవ్ వేడి సిమ్యులేషన్: రన్ చేసేముందు

ఓవెన్‌లో ఆలుగడ్డ మోడలే తీసుకుందాం.

- అన్నిటికన్నా ముందు మెష్, అంటే లెక్క కోసం మోడల్‌ను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టే వల. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం గాలిలో 12.2 సెంటీమీటర్లు, ఆలుగడ్డ లోపల సుమారు ఒకటిన్నరే. గాలికి సరిపోయిన మెష్‌నే లోపలా వాడితే వేడి మచ్చలు తప్పుడు చోట్ల వస్తాయి, చూడ్డానికి మాత్రం నిజంలాగే ఉంటాయి. తరంగానికి పది గళ్లు పెట్టండి. అంటే లోపల గడి 1.5 మిల్లీమీటర్లు దాటకూడదు.
- ఫ్రీజర్‌లోంచి తీసిన పదార్థమైతే పర్మిటివిటీని (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎలా స్పందిస్తుందో చెప్పే విలువ) ఉష్ణోగ్రతతో మారనివ్వాల్సిందే. మంచు పెద్దగా వేడెక్కదు, కరిగిన చోటు గబగబా కాగిపోతుంది.
- సాఫ్ట్‌వేర్ ఇచ్చే విద్యుత్ క్షేత్రం (ఫీల్డ్) విలువ పీకా (తరంగం గరిష్ఠ విలువ), ఆర్‌ఎంఎస్సా (ఒకరకం సగటు విలువ)? పొరబడితే వేడి రెట్టింపో సగమో అవుతుంది.
- 100 డిగ్రీలు దాటుతుంటే, ఆవిరికి పోయే వేడిని కలిపారో లేదో చూడండి.
- రన్ అయ్యాక, పోర్టులోకి (మైక్రోవేవ్‌లు ఓవెన్‌లోకి వచ్చే ద్వారం) పంపిన పవర్‌లోంచి వెనక్కొచ్చింది తీసేస్తే, మిగిలింది ఆలుగడ్డలో, గోడల్లో పుట్టిన వేడితో సరిపోవాలి. ఈ లెక్క కుదిరేదాకా వేడిని చూపే రంగుల బొమ్మను ఎవరికీ చూపించకండి.