గుర్రపు పందెం: ఏ గుర్రాన్ని రానివ్వాలి, ఎలా వదలాలి

ఊరి గుర్రపు పందెంలో పేచీ గెలుపు గీత దగ్గర కంటే వదిలే చోటే ఎక్కువగా పుడుతుంది. "మా గుర్రం అటు తిరిగి ఉండగానే జెండా దించేశారు." "వాళ్లది రెండంగలు ముందే కదిలింది." "అది తట్టువా (పొట్టి గుర్రమా)? పట్నం గుర్రాన్ని తెచ్చి మాతో కలిపేశారు." పండగ కమిటీ ఈ మూడింటికీ జవాబు ముందురోజే కాగితం మీద రాసి, రౌతులందరికీ చదివి వినిపించి, సంతకాలు తీసుకోవాలి.

ముందు నేల సంగతి. శ్రీకాకుళం, విజయనగరం వైపు కనుమ నాటికి వరి కోసిన మళ్లలో చాలాచోట్ల మినుము, పెసర లేచి ఉంటాయి. ఇక మిగిలేది బీడో, చెరువు గర్భమో, ఏటి ఇసుకో. ఆరిన చెరువులో గేదెలు తొక్కిన గుంటలు రాయిలా గట్టిపడి ఉంటాయి. వాటిలో గిట్ట పడితే మడమ మెలిక తిరుగుతుంది, కాబట్టి దున్ని చదును చేయాల్సిందే. నాగావళి, వంశధార ఇసుకలో అయితే తడి ఆరని గట్టి పట్టీనే ఎంచుకోండి. పొడి ఇసుకలో కాళ్ల నరాలు పట్టేస్తాయి. గెలుపు గీత తర్వాత ఆగడానికి కనీసం 150 మీటర్లు ఖాళీగా వదలండి.

గుర్రాల తనిఖీ పందెం ముందురోజు సాయంత్రం పెట్టుకోవాలి. పందెం వేళకి పెడితే ఎవరికీ "వద్దు" అని చెప్పలేరు.

వయసు పళ్లలో తెలుస్తుంది. కింది దవడ ముందుపళ్లు ఆరు. నడిమి జత పాలపళ్లు సుమారు రెండున్నర ఏళ్లకీ, పక్క జత మూడున్నరకీ, చివరి జత నాలుగున్నరకీ ఊడి పెద్దపళ్లు వస్తాయి. పాలపన్ను చిన్నగా, తెల్లగా, చిగురు దగ్గర సన్నగా ఉంటుంది. పెద్దపన్ను వెడల్పుగా, పసుపు తిరిగి ఉంటుంది. చివరి జతలో ఇంకా పాలపళ్లే ఉంటే వెనక్కి పంపండి. రేస్ క్లబ్బుల్లో రెండేళ్ల గుర్రాలు కూడా పరుగెత్తుతాయి కదా అని ఎవరో ఒకరు వాదిస్తారు. అక్కడ తీర్చిన ట్రాకు, పక్కనే పశువైద్యుడు ఉంటారు. మన బీడులో లేరు.

ఎత్తు కొలిచేది మెడ జూలు ముగిసే చోట, భుజాల మీది ఎత్తైన ఎముక దగ్గర. గట్టి చదును నేల మీద ముందుకాళ్లు రెండూ సమంగా, నిటారుగా నిలబెట్టి, తల మరీ పైకీ మరీ కిందికీ లేకుండా చూసి, కర్రకి అడ్డంగా పట్టీ కట్టి కొలవండి. కాళ్లు చాపి నిలబెడితే ఎత్తు తగ్గి కనబడుతుంది. చిన్న తరగతిలో దూర్చడానికి చేసే పాత మోసం అదే. చాలా దేశాల్లో తట్టువకి హద్దు సుమారు 58 అంగుళాలు. దాని లోపల 52 దగ్గర ఇంకో గీత గీసి మూడు తరగతులు చేస్తే, జట్కా గుర్రానికీ రేసు గుర్రానికీ ఒకే పరుగు అనే అన్యాయం తప్పుతుంది.

ఆరోగ్యంలో మొదట చూడాల్సింది గ్లాండర్స్ అనే అంటుజబ్బు. ముక్కు నుంచి జిగట చీమిడి, దవడ కింద గడ్డలు, కాళ్ల వెంట బుడిపెలు పగిలి పుండ్లు ఉన్న గుర్రాన్ని తాకకుండా వేరుగా కట్టించి పశువుల డాక్టరుకి కబురు పెట్టండి. ఈ జబ్బు మనిషికీ అంటుతుంది, గుర్రానికి మందు వేయరు. రక్త పరీక్ష ఫలితం రావడానికి రోజులు పడుతుంది, కాబట్టి ధ్రువపత్రం కావాలని దండోరా వేసేటప్పుడే చెప్పాలి.

తర్వాత కుంటు. పగ్గం వదులుగా పట్టుకుని గట్టి నేల మీద 30 మీటర్లు దుడుకు నడకలో (నడకకీ పరుగుకీ మధ్య) తిప్పించండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలని తాకినప్పుడు తల పైకి లేస్తుంది. పగ్గం బిగించి పట్టుకుంటే ఇది కనబడదు, అందుకే బిగిస్తారు. నొప్పి తెలియకుండా సూది వేసిన గుర్రానికీ, సారా పట్టించిన గుర్రానికీ చోటు లేదని కాగితంలో విడిగా రాయండి. పుండుతో, జబ్బుతో ఉన్న జంతువు చేత పని చేయించడం 1960 జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.  చూలు గుర్రాన్నీ, లాడం మేకులు కదులుతున్న గుర్రాన్నీ కూడా ఆపండి.

దవడ ఎముక కింది అంచున వేలు పెడితే నాడి దొరుకుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. పది నిమిషాలు నీడలో నిలబెట్టినా 60 దాటే ఉంటే ఆ రోజుకి దాన్ని దింపవద్దు.

ఇక వదలడం. నేల మీద సున్నం గీత గీయకండి. తెల్ల గీతని చూసి బెదిరే గుర్రాలు దాని మీంచి గెంతుతాయి, లేదా ఆగిపోతాయి. రెండు పక్కలా రెండు గుంజలు పాతి వాటి మధ్య ఊహ గీత చాలు. ఒక్కో గుర్రానికి మూడు మీటర్లు లెక్కన చోటు, అంటే 20 మీటర్ల వెడల్పుకి ఆరుకి మించి వద్దు. చోట్లు చీటీలు వేసి తీయాలి. తన్నే గుర్రం తోకకి ఎర్రగుడ్డ కట్టి, చీటీతో పనిలేకుండా చివరన పెట్టండి. డప్పు, బాణసంచా పది నిమిషాల ముందే ఆపించాలి.

నిలబెట్టి వదిలితే గుర్రాలు గంతులేస్తాయి. గీతకి 20 మీటర్ల వెనక నుంచి వరసగా నడిపించుకుని రమ్మనండి. వదిలేవాడు పక్కన బల్ల మీద, గీతకి కాస్త ముందుకి నిలబడాలి. వరస సరిగ్గా ఉందనిపిస్తే జెండా దించుతాడు, లేకపోతే "తిరగండి" అంటాడు. వరస కట్టాక కళ్లెం ఎవరూ పట్టుకోకూడదు, వెనకనుంచి ఎవరూ కొట్టకూడదు. కొట్టిన మనిషి ఎవరి తరఫు వాడో ఆ గుర్రం పోటీలోంచి పోతుంది.

ఇందులో అందరూ మరిచిపోయేది రెండో జెండా. వదిలే గీత దాటాక 150 మీటర్ల దూరంలో ఎర్రజెండాతో ఒక మనిషి ఉండాలి. జెండా దిగకముందే ఎవరైనా గీత దాటితే, వదిలేవాడు తన దగ్గరున్న ఎర్రజెండా ఎత్తుతాడు. అది చూసి దూరంలో ఉన్నవాడు దారి మధ్యకి వచ్చి ఊపుతాడు. జోరు మీద ఉన్న రౌతు వెనక్కి చూడడు, కేకా వినబడదు. 1993 ఏప్రిల్ 3న ఇంగ్లండులోని గ్రాండ్ నేషనల్ గుర్రపు పందెంలో ఇక్కడే పొరపాటు జరిగింది. రెండోసారి కూడా ఆరంభం చెడింది, వదిలేవాడి జెండా విప్పుకోలేదు, 39 మందిలో 30 మంది ఆగకుండా వెళ్లిపోయారు. పందెం చెల్లదని రద్దు చేశారు. అంత పెద్ద మైదానంలో అలా జరిగితే మన బీడులో జరగదనుకోకండి. ఇద్దరి చేతా గాలి వీచే దిక్కున జెండా విప్పించి ముందే ఒకసారి చూసుకోండి.

ముందే దూకిన గుర్రానికి మొదటిసారి మందలింపు, రెండోసారి వరస వెనక చోటు, మూడోసారి బయటికి. జెండా దిగాక అక్కడే నిలిచిపోయిన గుర్రం మాత్రం పరుగులో ఉన్నట్టే లెక్క. దాని కోసం మళ్లీ వదలడం ఉండదు, ఎంత పెద్దమనిషిదైనా సరే. వెనక్కి పిలిచేసరికి సగం దూరం పరుగెత్తేసిన గుర్రాలని వెంటనే మళ్లీ వరస కట్టించకండి. పదిహేను నిమిషాలు నడిపించి, నాడి చూసి, అప్పుడు.

వదిలేవాడూ గెలుపు చెప్పేవాడూ ఒక్కరే కాకూడదు. ఇద్దరిలో ఎవరికీ బరిలో గుర్రం గానీ, గుర్రం ఉన్న చుట్టం గానీ ఉండకూడదు. పక్క ఊరి మనిషి దొరికితే అంతకంటే మంచిది. ఫిర్యాదు ఏదైనా తర్వాతి పందెం గుర్రాలు గీత దగ్గరికి వచ్చేలోపే చెప్పాలి, సాయంత్రం భోజనాల దగ్గర చెప్పింది చెల్లదు.