నోటితో చెప్పించాక కుదిరిన నివేదిక
నల్లగొండలో నా దగ్గర రాత నేర్చుకుంటున్న డిగ్రీ విద్యార్థిని, సున్నం, పటిక కలిపి తాగునీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’పై ప్రాజెక్టు నివేదిక తెచ్చినప్పుడు, మొదటి పేరాలోనే ‘చేయబడినది’ అన్న మాట ఏడుసార్లు కనిపించింది. నేనే ఎర్రసిరాతో దిద్ది పొరపాటు చేశాను. ఆమె మరింత బెదిరి, రెండో ప్రతిలో పుస్తకాల వాక్యాలనే ఎత్తి రాసింది.

మూడోసారి కాగితం పక్కన పెట్టించి, “మీ అమ్మమ్మకు చెప్పినట్టు చెప్పమ్మా” అన్నాను. “పటిక వేసి కలిపితే పింజలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతది సార్” అన్నది. ‘దిగుతది’ని ‘దిగుతుంది’గా మార్చి, ఆ వాక్యాన్నే రాయించాను. తర్వాత ప్రతి పేరాకూ ‘ఇది నీకెలా తెలుసు?’ అని అడగగా, ‘ఎక్కువ ఫ్లోరైడ్’ అన్నచోట లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితీ, తాను కొలిచిన అంకే పక్కపక్కన చేరాయి. ఉపోద్ఘాతం మాత్రం ఇంకా కుదరలేదు. దానిని చివర రాయమన్నాను.