తలకు దెబ్బ తగిలిన మనిషి ఇంటికొచ్చాక ఏం చేయాలి? విశాఖలో ఉన్న కుటుంబాల కోసం

"చూడ్డానికి బాగానే ఉన్నాడుగా, ఇంకా పనికి వెళ్లడం లేదేంటి?" తలకు దెబ్బ తగిలిన మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట వినపడుతుంది. కుట్లు మానతాయి, జుట్టు పెరుగుతుంది, నడక వస్తుంది, దాంతో చుట్టాల లెక్కలో మనిషి బాగైపోయినట్టే. మా తమ్ముడు గాజువాక దగ్గర బండి మీంచి పడ్డాక మా ఇంట్లోనూ ఇదే జరిగింది. పైకి కనపడని దెబ్బతో రోజూ బతికేది వాడూ, వాడి భార్యా. అలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు డిశ్చార్జి సంగతి. కేజీహెచ్, హనుమంతవాక విమ్స్ లాంటి ప్రభుత్వాసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా, బయటికి వచ్చే ముందు డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, మందుల చీటీ అడిగి తీసుకుని, ఒకే ఫైల్లో పెట్టి, ఫోన్లో ఫొటోలు కూడా తీసి ఉంచండి. తర్వాత పెన్షన్‌కీ కోర్టుకీ అన్నిటికీ ఇవే అడుగుతారు. మెదడు వాపు వల్ల పుర్రె ఎముక ముక్క తీసి పొట్టలో భద్రపరిచి ఉంటే, దాన్ని తిరిగి ఎప్పుడు పెడతారో, అప్పటిదాకా ఆ పక్కకి పడుకోవచ్చో లేదో స్పష్టంగా అడగండి. తలనొప్పి రోజురోజుకీ పెరగడం, వాంతులు, లేపినా లేవనంత మగత, మాట తడబడటం, ఫిట్స్, వీటిలో ఏది కనపడినా మర్నాటి ఓపీ కోసం ఆగకుండా వెంటనే తీసుకెళ్లాలి. పెద్దవాళ్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త, బాత్రూంలో జారిపడి తలకి చిన్న దెబ్బే తగిలినా మెదడు చుట్టూ రక్తం నెమ్మదిగా చేరి కొన్ని వారాల తర్వాత బయటపడొచ్చు.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం, ఇవేవీ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, చుట్టుపక్కల వస్తువులు జరిపి, టైం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్ మాత్రలు "బాగానే ఉన్నాడు కదా" అని సొంతంగా ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే ఆగిపోయిన ఫిట్స్ తిరగబెడతాయి.

ఇక అలసట. అన్నిటికంటే ఎక్కువ అపార్థం చేసుకునేది దీన్నే. గాయపడ్డ మెదడుకి స్నానం చేయడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, ఇద్దరు మాట్లాడుకుంటుంటే వినడం కూడా పెద్ద పనే. పొద్దున్న చక్కగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి లో వోల్టేజీలో ఫ్యాన్ తిరిగినట్టు అయిపోతాడు. దాన్ని బద్ధకం అనుకోకండి. ముఖ్యమైన పనులు, ఫిజియో, డాక్టర్ దగ్గరికి వెళ్లడం లాంటివి పొద్దున్నే పెట్టుకోండి, మధ్యాహ్నం చీకటి గదిలో టీవీ లేకుండా కాసేపు పడుకోనివ్వండి, ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఖాళీ ఉంచండి. మన ఉక్కపోతలో మామూలు మనిషే నీరసపడతాడు, అందుకని ఏప్రిల్, మే నెలల్లో ఈ ఖాళీలు ఇంకా పెంచాలి. నడకకి బీచ్ రోడ్డు మంచిది, తెల్లవారుజామున ఆర్కే బీచ్ వైపు కొన్ని గంటలు బళ్లు ఆపేస్తారు కాబట్టి హారన్ల గోల ఉండదు. ఇసకలోకి మాత్రం దింపొద్దు, బ్యాలెన్స్ సరిగ్గా లేని మనిషి అక్కడే పడతాడు.

మెదడు ముందు భాగానికి దెబ్బ తగిలితే పని మొదలుపెట్టే శక్తే పోవచ్చు. ఆకలేస్తున్నా కంచం దగ్గరికి రాడు, పక్కనే ఉన్న టవల్ తీసుకోడు. చెప్తే చేస్తాడు, చెప్పకపోతే అలాగే కూర్చుంటాడు. అరవడం వల్ల ఇది మారదు, కళ్లకి కనపడే గుర్తులు పెడితే మారుతుంది. గోడ మీద తెల్లబోర్డు పెట్టి ఆ రోజు తేదీ, చేయాల్సిన నాలుగైదు పనులు రాయండి, మాత్రల వేళకి ఫోన్లో అలారం పెట్టండి, కళ్లజోడు, పర్సు, తాళాలు రోజూ ఒకేచోట ఉంచండి. ఏదైనా చెప్పేటప్పుడు ఒకసారికి ఒక్క మాటే చెప్పి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ ఆగడమే అందరికీ కష్టం. జరగనిది జరిగినట్టు చెప్తే అబద్ధమాడుతున్నాడని నిలదీయొద్దు. జ్ఞాపకంలో ఉన్న ఖాళీని మెదడే ఏదో ఒకదానితో నింపేస్తుంది, అది నిజమనే అతను నమ్ముతాడు.

కోపం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నెమ్మదస్తుడని పేరున్న మనిషి కంచం విసిరేస్తాడు, పిల్లల మీద చేయెత్తుతాడు, పదిమందిలో అనకూడని మాట అనేస్తాడు. తనలో తేడా ఉందని అతనికి తెలియకపోవడం కూడా ఆ గాయంలో భాగమే. కోపం వచ్చినప్పుడు వాదించకండి, గొంతు తగ్గించండి, పిల్లల్ని పక్కగదిలోకి పంపండి, తర్వాత ఏ వేళకి, ఏ చప్పుడుకి, ఎంతమంది ఉన్నప్పుడు వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. కొన్ని వారాలు రాస్తే కారణం కనపడుతుంది. చాలాసార్లు అది ఆకలో, నిద్రలేమో, ఇంటి నిండా చుట్టాలో అయ్యుంటుంది. చేయి చేసుకునేదాకా వెళ్తే మాత్రం భరించాల్సిన పనిలేదు, న్యూరో డాక్టరుకి ఆ నోటుబుక్కు చూపించి సైకియాట్రిస్టు దగ్గరికి పంపమని అడగండి. చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరు చెప్తే మనవాళ్లు మొహం తిప్పుకుంటారు, నలుగురూ ఏమనుకుంటారోనని. వెళ్లండి, కోపానికీ దిగులుకీ నిద్రకీ అక్కడ వైద్యం ఉంది.

ఇంట్లో చూసుకోవాల్సినవి ఇంకొన్ని. దెబ్బ తర్వాత వాసన తెలియకపోవడం మామూలే, గ్యాస్ లీకైనా పసిగట్టలేరు, పొయ్యి దగ్గర ఒంటరిగా వదలొద్దు. బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ వేయించండి, లోపల గడియ పెట్టుకోకుండా చూడండి. మద్యం ముట్టకూడదు, పెళ్లిలో అయినా సరే. డాక్టరు ఒప్పుకునేదాకా బండి తాళాలు దాచేయండి, ఎంత గొడవ చేసినా ఇవ్వొద్దు.

కాగితాల పని విసుగే కానీ వదిలేయకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, మెదడు గాయం అని విడిగా లేదు. అందుకే వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో "తలకి దెబ్బ తగిలింది" అంటే సరిపోదు, చేయి కాలు పడిపోవడం, మాట రాకపోవడం, చూపు తగ్గడం, మానసిక సమస్య, ఏది మిగిలిందో దాన్నిబట్టి పరీక్ష చేసి శాతం ఇస్తారు. ఆ క్యాంపుకి స్లాట్ మీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో బుక్ చేసుకోవచ్చు. 40 శాతం, ఆపైన ఉంటే దివ్యాంగుల పెన్షన్‌కి దరఖాస్తు పెట్టండి, 2024లో దాన్ని నెలకి 6,000 రూపాయలు చేశారు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000. రోడ్డు ప్రమాదమైతే ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో నష్టపరిహారం కేసు వేయండి, చట్టంలో ఆరు నెలల గడువు ఉంది. గుద్దిన బండి దొరక్కపోయినా తీవ్రంగా గాయపడ్డవాళ్లకి 50,000 రూపాయలు ఇచ్చే స్కీము ఉంది. వకీలుకి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, ఆడవాళ్లకీ దివ్యాంగులకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇస్తారు.

మొదటి ఆరు నెలల్లో మార్పు త్వరగా కనపడుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఆగిపోదు. ఏళ్ల తర్వాత కూడా కొత్త పనులు నేర్చుకుంటారు. సింహాద్రి అప్పన్నకి మొక్కుకోండి, అమ్మవాళ్లు దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, దానివల్ల నష్టం లేదు, ఫిజియో మాత్రం మానకండి.

చూసుకునేవాళ్ల గురించి చెప్పకపోతే ఇదంతా దండగ. మా మరదలు రాత్రుళ్లు నిద్రలేక, ఇంటి ఖర్చు తనే మోసుకుంటూ, "నా మొగుడు ఇంట్లోనే ఉన్నాడు, కానీ అతను కాదక్కా" అని ఏడ్చేది. ఆ బాధ తప్పు కాదు, పాపం అంతకన్నా కాదు. అలాంటి రాత్రి 14416కి, అంటే మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చూడ్డానికి వచ్చే చుట్టాలు ఆపిల్ పళ్లు, హార్లిక్స్ తెచ్చి "ఏదైనా కావాలంటే చెప్పు" అని వెళ్లిపోతారు. అప్పుడు మొహమాటపడకుండా పనీ, రోజూ, టైమూ చెప్పేయండి: "పిన్నీ, గురువారం నాలుగింటి నుంచి ఆరింటిదాకా నువ్వొచ్చి ఆయన దగ్గర కూర్చో, నేను పడుకుంటాను."