ఓసీటీ చదవడం, 4వ పాఠం: గుంట పోయిందా, గీత తప్పిందా?

ఓసీటీ అంటే కంటి వెనుక ఉండే రెటీనాను కోసి చూపినట్టు చూపే స్కాన్. గత పాఠంలో ఎపిరెటినల్ పొర ఉన్న కంటి చిత్రం ఇచ్చి, అది ఏ దశో అడిగాను. ఎక్కువ మంది రాసిన జవాబు "మూడో దశ". ఆ కన్ను మొదటి దశలోనే ఉంది. చూపు 6/9, అంటే దాదాపు మామూలు చూపే, అని చిత్రం పక్కనే రాశాను, ఒక్కరూ అనుమానించలేదు. అందుకే ఈ రోజు చెప్పాల్సిన లామెల్లార్ రంధ్రం (రెటీనా మందంలో కొంత మేరకే పడేది) వచ్చే పాఠానికి పోయింది.

ముందొక మాట. రెటీనా పైన కొత్తగా పేరుకున్న ఎపిరెటినల్ పొరను మాత్రమే నేను 'పొర' అంటాను. రెటీనాలో సహజంగా ఉండేవి 'వరుసలు'. హయలాయిడ్‌కూ (కంటిలోని జెల్లీ అంచు) ఈ పొరకూ తేడా మళ్ళీ చెప్పను.

ఈ పొరకు 2017లో గొవెట్టో బృందం ఇచ్చిన దశలు ఇవి. మొదటి దశలో ఫోవియా (చూపు అన్నిటికంటే నిశితంగా ఉండే రెటీనా మధ్య భాగం) గుంట ఉంటుంది. రెండో దశలో గుంట పోయి, మధ్యలో ఔటర్ న్యూక్లియర్ వరుస (కాంతిని పట్టే కణాల కేంద్రకాలుండేది) సాగి మందమవుతుంది. మూడో దశలో లోపలి వరుసలు ఫోవియా మీదుగా ఈ వైపు నుంచి ఆ వైపుకు తెగకుండా సాగుతాయి. నాలుగో దశలో అవీ ఉంటాయి, పైగా ఏ వరుస ఏదో గుర్తుపట్టలేనంతగా అంతా చెదిరిపోతుంది.

మీరు జారింది ఆ మూడో దశ దగ్గరే. ఫోవియాకు కాస్త పక్కన కోస్తే ఆరోగ్యంగా ఉన్న కంటిలోనూ లోపలి వరుసలు తెగకుండానే కనిపిస్తాయి, గుంటా ఉండదు. పూర్ణా మార్కెట్లో ఆవకాయకు కాయలు కొట్టించేటప్పుడు చెంప ముక్క చేతికొస్తే, కాయకు టెంకే లేదంటామా? కత్తి ఎక్కడ పడిందో చూస్తాం. ఇక్కడ కత్తి స్కాన్ తీసే గీతే, ఒక్కో గీత ఒక్కో కోత. 6 మిల్లీమీటర్లకు 25 గీతలు తీస్తే గీతకూ గీతకూ మధ్య దాదాపు 240 మైక్రాన్లు. ఫోవియా నడిబొడ్డైన ఫోవియోలా వెడల్పు సుమారు 350 మైక్రాన్లు. అంటే దాని మీదుగా పోయేది ఒక గీత, మహా అయితే రెండు. రోగి చూపు కాస్త పక్కకు తిరిగిందా, మీరు నమ్ముకున్న 13వ గీత మధ్య గీత కాకుండా పోతుంది.

మరి గుంటే లేని కంటిలో మధ్యను ఎలా పట్టాలి? ఔటర్ న్యూక్లియర్ వరుస అన్నిటికంటే మందంగా ఉన్న గీతను వెతకండి. దాని కింద ఎలిప్సాయిడ్ గీత (కోతలో మెరిసే పట్టీ, స్కాన్ గీత కాదు) కాస్త పైకి ఉబికి ఉంటుంది. అదే మధ్య. అక్కడ కూడా లోపలి వరుసలు తెగకుండా ఉంటేనే మూడో దశ. మధ్య మీదుగా పోయే నిలువు కోతలోనూ అలాగే కనిపించాలి. అడ్డంగా ఒక్క కోత చూసి దశ రాయడం నాకు ఒళ్ళు మండే అలవాటు.

రంగుల మందం పటాన్ని నేను చివర్లోనే తెరుస్తాను. యంత్రం ఒక్కోసారి పొరనే రెటీనా అంచు అనుకుని గీత గీస్తుంది, అప్పుడు మందం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ముడతల కోసమైతే ఇన్‌ఫ్రారెడ్ చిత్రం చాలు.

అభ్యాసం: పొర ఉన్న ఒక కన్ను తీసుకుని 25 గీతలనూ పెన్సిలుతో కాగితం మీద గీయండి. అవును, ఇరవై ఐదూ. ఔటర్ న్యూక్లియర్ వరుస మందాన్ని ప్రతి గీతలోనూ కొలిచి పక్కన వేయండి. మధ్య గీత సంఖ్య రాసి, దాని కింద దశ రాయండి. సంఖ్య లేకుండా దశ రాసిన జవాబును నేను చదవను. రోగి పేరు, రిజిస్టర్ సంఖ్య చెరిపి పంపండి. గతసారి ముగ్గురు చెరపకుండానే పంపారు.