ఆర్వీ మీద శాటిలైట్ రేడియో యాంటెన్నా: కొత్తగా వచ్చినవారికి సూచనలు

అమెరికా వచ్చాక ఆర్వీ (లోపలే పడక, వంటగది ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని తిరిగినవాళ్లలో కొందరు ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొనేస్తారు. కొన్న నెలలోపే అడిగే ప్రశ్న ఒకటుంది: "డ్యాష్‌బోర్డులో రేడియో ఉంది, డబ్బులూ కట్టాం, సైరస్ ఎక్స్ఎం మాత్రం సరిగా రావట్లేదు, ఎందుకు?" సైరస్ ఎక్స్ఎం అంటే ఉపగ్రహం నుంచి వచ్చే, చందా కట్టి వినే రేడియో సర్వీసు. నేను చూసినంతలో రేడియో బాగానే ఉంటుంది, తేడా యాంటెన్నా దగ్గరే వస్తుంది. సరైన చోట పెట్టుకుంటే ఏళ్ల తరబడి దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

ఫోన్‌లో యాప్ ఉండగా ఇదెందుకు అనుకోకండి. ఊళ్లో ఉన్నంతసేపు యాప్ చాలు. టెక్సాస్‌లోని అమరిల్లో దాటి న్యూ మెక్సికో వైపు వెళ్తుంటే, ఎల్లోస్టోన్ లోపల తిరుగుతుంటే, ఫోన్‌లో సిగ్నల్ గీతలు పోయి గంటలు గడుస్తాయి. వెనక పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు వాతావరణం, వార్తలు వినబడటం చిన్న విషయం కాదు. ఉపగ్రహానికి ఊరైనా ఎడారైనా ఒకటే. హైదరాబాద్‌లో వరల్డ్‌స్పేస్ రేడియో వాడినవాళ్లకు ఇది కొత్త కాదు. కిటికీ దగ్గర చిన్న పలక యాంటెన్నా పెట్టి, అటూ ఇటూ తిప్పి, తెలుగు పాటల 'స్పందన' ఛానల్ పట్టుకునేవాళ్లం. 2009 చివర్లో ఆ సర్వీసు మన దేశంలో ఆగిపోయింది. ఇక్కడి యాంటెన్నాను అలా తిప్పక్కర్లేదు, టీవీ డిష్‌లా గురి పెట్టక్కర్లేదు. దానికి కావలసింది ఒక్కటే, అడ్డులేని ఆకాశం. ముఖ్యంగా దక్షిణాన.

ఎందుకంటే ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన ఉంటాయి, మనం దానికి బాగా ఉత్తరాన ఉన్నాం. మాంటానా వైపు వెళ్లేకొద్దీ అవి ఆకాశంలో ఇంకా కిందికి దిగుతాయి, చెట్లు ఎక్కువ అడ్డొస్తాయి. ఈ సంగతి తెలియక నేను ఒక ట్రిప్పంతా ఇబ్బంది పడ్డాను. మాది ముందు పెద్ద అద్దం ఉన్న, బస్సులాంటి క్లాస్ ఎ బండి. డ్యాష్‌బోర్డు బల్లంత వెడల్పు ఉంటుంది కదా అని యాంటెన్నాను అద్దం వెనకాలే, డ్యాష్ మీద పెట్టేశాను. డాలస్‌లో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చూస్తే పాట స్పష్టంగా వచ్చింది. కొలరాడో బయలుదేరాం. ఊరు దాటిన కాసేపటి నుంచి పాట తెగడం మొదలు. న్యూ మెక్సికోలో క్లేటన్ నుంచి రేటన్ దాకా దాదాపు మౌనమే. చెట్టూ లేదు, కొండా లేదు, కళ్లెదురుగా అంత ఆకాశం ఉంది. వారం తర్వాత అదే దారిలో వెనక్కి వస్తుంటే ఒక్కసారి కూడా తెగలేదు.

అప్పుడు అర్థమైంది. వెళ్లేటప్పుడు బండి ముఖం వాయవ్యానికి, దక్షిణ ఆకాశం వెనక. ముప్పై అడుగుల బండి మొత్తం యాంటెన్నాకు అడ్డం. వచ్చేటప్పుడు ముఖం ఆగ్నేయానికి, అద్దంలోంచి నేరుగా సిగ్నల్. మరి డాలస్‌లో ఎందుకు వచ్చింది? పెద్ద నగరాల్లో ఎత్తైన భవనాలు అడ్డొస్తాయని కంపెనీ నేల మీద కూడా ట్రాన్స్‌మిటర్లు పెట్టింది. అక్కడ ఉపగ్రహం అందకపోయినా పాట వస్తుంది, అంతా బాగుందనుకుంటాం. అందుకే ఊళ్లో చేసిన పరీక్షను నమ్మకండి. చాలా రేడియోల్లో సిగ్నల్ స్క్రీన్ ఉంటుంది, ఉపగ్రహం గీత వేరు, నేల ట్రాన్స్‌మిటర్ గీత వేరు. ఉపగ్రహం గీతనే చూడండి. బండిని ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి తిప్పి నిలిపి చూడండి. రెండు వైపులా గీత నిండుగా ఉంటేనే ఆ చోటు ఖాయం చేయండి.

అలాంటి చోటు పైకప్పు మీదే దొరుకుతుంది. ముందు భాగంలో, ఏసీ డబ్బాకు, సోలార్ ప్యానెళ్లకు దూరంగా పెట్టాలి. యాంటెన్నా అగ్గిపెట్టె అంతే ఉంటుంది, అడుగున అయస్కాంతం. కారుకైతే టప్పున అతుక్కుంటుంది. ఆర్వీ పైకప్పు సాధారణంగా ఫైబర్‌గ్లాసో రబ్బరు పొరో కాబట్టి అంటుకోదు. పైగా ఈ యాంటెన్నాలకు కింద లోహం ఉంటే సిగ్నల్ బాగా అందుతుంది. నేను అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న గాల్వనైజ్డ్ ఇనుప రేకు తెచ్చాను. అల్యూమినియం తేకండి, అయస్కాంతం పట్టదు. మూలలు గుండ్రంగా కత్తిరించి, అంచులు ఆకురాయితో రుద్దాను, లేకపోతే రబ్బరును కోసేస్తుంది. పైకప్పును సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, రేకు అడుగున బ్యూటైల్ టేపు (రెండు వైపులా అంటుకునే మెత్తటి టేపు) వేసి నొక్కి, అంచుల చుట్టూ లాప్ సీలెంట్ (ఆర్వీ కప్పు మీద అంచులు మూసే జిగురు) పోశాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పైకప్పుకు కొత్త కన్నం పెట్టకండి. మా బండికి పాత ఓనరు ఎవరి చేతో వైరు కోసం కన్నం పెట్టించి, మామూలు సిలికాన్ పూయించాడు. సిలికాన్ ఆ రబ్బరుకు నిలవదు, దాని మీద తర్వాత వేసే సీలెంట్ కూడా అంటుకోదు. కొన్న మొదటి వానాకాలంలోనే కప్పు కురిసింది. లోపలి ప్లైవుడ్ వేలితో నొక్కితే అటుకుల్లా పొడిపొడి అయింది. ఆ రిపేరు ఖర్చుతో ఎన్నో ఏళ్ల రేడియో చందా కట్టొచ్చు.

కన్నం లేకుండా వైరు లోపలికి తేవడానికి దారులున్నాయి. క్లాస్ సి బండైతే (ముందు భాగం వ్యాన్‌లా ఉండేది) ముందు డోరు రబ్బరు కిందుగా తేవచ్చు. వైరు సన్నగానే ఉంటుంది, డోరు మూసినా నలగకుండా రబ్బరు మెత్తగా ఉన్నచోట పెట్టండి. మా బండికి ముందు డోర్లు లేవు కాబట్టి ఫ్రిజ్‌కు పైన ఉండే గాలి గొట్టం మూతలోంచి దింపాను. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ వెనక వేడి బాగా ఉంటుంది, వైరును ఆ వేడికి, మంటకు దూరంగా పక్క గోడకు క్లిప్పులు కొట్టి తేవాలి. వైరు దాదాపు 20 అడుగులు వస్తుంది. చాలకపోతే ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది. మిగిలితే వదులుగా చుట్ట చుట్టి పెట్టండి, కత్తిరించి అతకొద్దు. లోపలికి దూరే ముందు వైరును కాస్త కిందికి వంచి, మళ్లీ పైకి లేపి లోపలికి పంపండి. వాన నీళ్లు వైరు వెంట జారి ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతాయి.

పైకి ఎక్కేటప్పుడు ఎవరైనా నిచ్చెన పట్టుకోవాలి. కొన్ని పైకప్పులు మనిషి బరువు మోయవు, మాన్యువల్ చూసుకోండి. పొద్దున్నే మంచు తడి మీద అస్సలు ఎక్కకండి.

విడిగా రేడియో పెట్టుకుంటుంటే కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నారో చూసుకోండి. ఇంజిన్ బ్యాటరీకి కలిపితే క్యాంపులో రెండు రాత్రులు పాటలు విన్నాక బండి స్టార్ట్ కాకపోవచ్చు. హౌస్ బ్యాటరీకి (బండి లోపలి లైట్లు, ఫ్యాన్లు నడిపే వేరే బ్యాటరీ), ఫ్యూజుతో కలపండి.

చివరగా చందా. రేడియోలో 0 నంబరు ఛానల్‌కు వెళ్తే రేడియో ఐడీ కనబడుతుంది. సెకండ్ హ్యాండ్ బండిలో అది పాత ఓనరు పేరు మీదే ఉండొచ్చు, ఫోన్ చేసి మీ పేరుకు మార్పించుకోండి. యాక్టివేట్ చేసేటప్పుడు బండి ఆరుబయట, రేడియో ఆన్‌లో ఉండాలి. షెడ్డు కింద ఉంటే యాక్టివేట్ చేసే సిగ్నల్ అందదు. అలాస్కా వెళ్లే ప్లాన్ ఉంటే మాత్రం అక్కడికి దీన్ని నమ్ముకోకండి, పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకుని బయలుదేరండి.